జర్నలిజం స్కాలర్‌షిప్ అని వెతికితే దొరకదు

ప్రశ్న: టెక్కలి దగ్గర డిగ్రీ మూడో ఏడాది చదువుతున్నాను. జర్నలిజం ఒక సబ్జెక్టు. టీవీ రిపోర్టర్ అవ్వాలని ఉంది. నాన్న పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తారు. బీసీలం, రైస్ కార్డు ఉంది. పీజీకి జర్నలిజం స్కాలర్‌షిప్పులు ఏమున్నాయి? తమ్ముడు ఇంటర్ పాసయ్యాడు, 93 శాతం వచ్చింది, వాడికీ ఇదే పిచ్చి. ఇంకో విషయం, మా క్లాసుకి ఒక్క మైకు కూడా లేదు. గ్రాంటు ఏదైనా దొరుకుతుందేమో కనుక్కోమని మా మేడమ్ అన్నారు.

జవాబు:

తల్లీ, వయసులో పెద్దవాణ్ని కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. పదహారేళ్లు టీవీ చానళ్లకి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వార్తలు పంపాను. చానల్ లోగో ఉన్న మైకు పట్టుకుని ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా తిరిగినవాణ్ని. ఇప్పుడు విజయనగరంలో ఉంటూ తొమ్మిదేళ్లుగా జర్నలిజం పిల్లలకి గెస్ట్ ఫ్యాకల్టీగా చెబుతున్నాను. జూన్ వచ్చిందంటే నా పని సగం పాఠాలు, సగం స్కాలర్‌షిప్ ఫారాలు.

జర్నలిజం అని పేరు పెట్టుకున్న స్కాలర్‌షిప్పులు మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పిల్లలు ఆ పేరుతోనే గూగుల్‌లో వెతుకుతారు, నాలుగు అమెరికా పేజీలు వస్తాయి, అవి చూసి మనకేమీ లేదని వదిలేస్తారు. డబ్బు ఉంది, కానీ వేరే పేర్ల కింద ఉంది. కులం, ఆదాయం, మార్కులు, రెగ్యులర్ పీజీ, ఇవీ ఆ పేర్లు. నువ్వు చదివేది జర్నలిజమా, జువాలజీయా అని అక్కడ పెద్దగా పట్టించుకోరు. అందుకే నీ కోర్సు పేరుతో కాదు, నీ ఇంటి కాగితాలతో వెతకాలి.

అమెరికా పేజీల సంగతి ముందు తేల్చేస్తాను. మా క్లాసు వాట్సాప్ గ్రూపులో ఏటా ఒకసారైనా వస్తుంది, ఎడ్ బ్రాడ్లీ పేరు మీద పది వేల డాలర్ల స్కాలర్‌షిప్ అని. అబద్ధం కాదు. అక్కడి టీవీ, రేడియో న్యూస్ ఎడిటర్ల సంఘం ఆర్‌టీడీఎన్‌ఏకి చెందిన ఫౌండేషన్ ఇస్తుంది. బ్రాడ్లీ సీబీఎస్ చానల్‌లో పేరున్న రిపోర్టర్. అయితే అక్కడి కాలేజీల్లో చేరి ఫుల్‌టైమ్ చదువుతున్నవాళ్లకి ఉద్దేశించినది అది. టెక్కలిలో కూర్చుని అప్లికేషన్ నింపితే డేటా ఖర్చు తప్ప ఏమీ మిగలదు.

ఇక మన రాష్ట్రం. ఫీజు రీయింబర్స్‌మెంట్, హాస్టల్ ఖర్చులు రెండూ వేర్వేరు పథకాలు. హాస్టల్ ఖర్చుల పథకాన్ని వసతి దీవెన పేరుతో మొదలుపెట్టింది మన విజయనగరంలోనే, 2020 ఫిబ్రవరి 24న. అప్పుడు ఐటీఐకి 10 వేలు, పాలిటెక్నిక్‌కి 15 వేలు, డిగ్రీ ఆపైన చదివేవాళ్లకి ఏడాదికి 20 వేలు అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక పేర్లు మారి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులుగా పిలుస్తున్నారు. ఫీజుది ఆర్‌టీఎఫ్, ఖర్చులది ఎంటీఎఫ్. పేరు ఏదైనా అడిగేవి అవే: ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు, రెగ్యులర్ కోర్సు, 75 శాతం హాజరు. దూరవిద్యకి రాదు. మేనేజ్‌మెంట్ కోటాలోనో స్పాట్ అడ్మిషన్‌లోనో చేరితే రాదు. అంటే రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్ రాసి, కౌన్సెలింగ్‌లో కన్వీనర్ సీటు తెచ్చుకుంటేనే దీనికి అర్హత. సీటు ఎలాగూ మిగిలిపోతుంది, ఆఖర్లో స్పాట్‌లో చేరిపోదాం అనుకున్నవాళ్లు ఏటా ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి ఏడుపు మొహంతో వస్తారు. ఫీజంతా నెత్తిమీద పడ్డాక నేను చేసేదేమీ ఉండదు.

ఇంకో మెలిక ఉంది. 2020 డిసెంబరులో జీవో 77 అని ఒకటి వచ్చి ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవాళ్లకి ఈ రెండూ ఆపేసింది. కాబట్టి ప్రైవేటు కాలేజీలో పీజీ అనుకుంటే చేరకముందే ఆఫీసులో ఒక్కటే ప్రశ్న అడుగు: "పోయిన ఏడాది ఇదే కోర్సు పిల్లల్లో ఎంతమందికి ఫీజు పడింది?" "వస్తుందమ్మా, తప్పకుండా వస్తుంది" అనే జవాబు జవాబు కాదు. అంకె చెప్పాలి.

హాజరు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన సబ్జెక్టు పిల్లలే ఇక్కడ ఎక్కువగా దెబ్బతింటారు. బీకామ్ పిల్లాడు క్లాసు ఎగ్గొడితే సినిమాకి వెళ్తాడు. మనవాడు ఎగ్గొడితే స్ట్రింగర్‌గా, అంటే రాసిన వార్తకి ఇంత అని తీసుకునే విలేకరిగా, వెళ్తాడు. మండలంలో కంట్రిబ్యూటర్‌గా చేరతాడు, పొద్దున ఎంపీడీవో ఆఫీసు, మధ్యాహ్నం పోలీస్ స్టేషన్, సాయంత్రం ఎమ్మెల్యే గారి శంకుస్థాపన. చేతిలో మైకు, బండి మీద ప్రెస్ స్టిక్కర్, ఊళ్లో గౌరవం. నెల తిరిగేసరికి లైన్ అకౌంట్ కింద, అంటే వచ్చిన వార్తల లెక్కన, ఇచ్చేది పెట్రోలుకి చాలదు. అందులోనూ ప్రకటనల టార్గెట్ ఒకటి తగిలిస్తారు. ఆ గౌరవం మోజులో హాజరు 60కి పడిపోతుంది, ఆ ఏడాది ఎంటీఎఫ్ పోతుంది. మా క్లాసులో ఒక కుర్రాడికి లెక్కగట్టి చూపించాను. ఏడాదంతా రాసిన వార్తలకి వచ్చిన డబ్బు, పోగొట్టుకున్న స్కాలర్‌షిప్‌లో సగం కూడా లేదు. పని నేర్చుకోవద్దనను. సెలవుల్లో నేర్చుకో, ఆదివారాలు నేర్చుకో. హాజరు మాత్రం 75 శాతం గీత కిందకి పడనివ్వకు.

అన్నిటికంటే పెద్ద స్కాలర్‌షిప్ ఏదంటే, నా మటుకు నాకు, ఫీజు తక్కువున్న మంచి చోట సీటు. అది దొరికితే సగం బాధ తీరినట్టే. సెంట్రల్ యూనివర్సిటీల్లో ఫీజులు తక్కువ, హాస్టల్ ఉంటుంది. మనకి దగ్గర్లోనే, విజయనగరం పక్కన కొండకరకంలో, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. 2019లో వచ్చింది. అక్కడ జర్నలిజం పీజీ ఉంది. గిరిజన అని పేరుంది కాబట్టి ఎస్టీలకే అనుకుంటారు చాలామంది. కాదు, అందరూ చేరొచ్చు. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, దాని క్యాంపస్‌లో బోల్ హైదరాబాద్ అని 90.4 మీద సొంత కమ్యూనిటీ రేడియో నడుస్తుంది. అక్కడే ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో కూడా జర్నలిజం ఎంఏ ఉంది. ఇలాంటి చాలా చోట్లకి దారి సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష. డిసెంబరు, జనవరిల్లో అప్లికేషన్లు, మార్చిలో పరీక్ష. మన పిల్లలు డిగ్రీ రిజల్ట్స్ వచ్చాక జూన్‌లో నిద్ర లేస్తారు, అప్పటికి ఈ తలుపు మూసుకుపోయి ఉంటుంది. ఆఖరి సెమిస్టర్ చదువుతూనే రాయొచ్చు, ఆ సంగతి మీ క్లాసులో అందరికీ చెప్పు. పీజీసెట్ వేరు, అది ఆంధ్రా యూనివర్సిటీ లాంటి మన రాష్ట్ర యూనివర్సిటీలకి.

ఐఐఎంసీ, అంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్, గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. 1965లో ఢిల్లీలో పెట్టారు, 2024లో డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చింది. రేడియో, టీవీ జర్నలిజానికి పేరున్న కోర్సు ఢిల్లీలో ఉంది. అమరావతి క్యాంపస్ అని చూసి మన రాజధాని అనుకుని సంబరపడకు, అది మహారాష్ట్రలో ఉన్న అమరావతి. ఒకసారి ఒక తండ్రి విజయవాడకి బస్సు టిక్కెట్టు కూడా తీసేసుకుని నాకు ఫోన్ చేశాడు. మనకి నిజంగా దగ్గరున్నది ఒడిశాలో ఢెంకనాల్ క్యాంపస్. పలాసలో రైలెక్కితే భువనేశ్వర్ మనకి హైదరాబాద్ కంటే చాలా దగ్గర. అక్కడ ఇంగ్లిష్, ఒడియా జర్నలిజం చెబుతారు.

ఒక్క జాగ్రత్త. కేంద్ర సంస్థల్లో మీసేవ ఇచ్చే మామూలు బీసీ సర్టిఫికెట్ పనికిరాదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. పైగా రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. ఉత్తరాంధ్రలో ఈ గొడవ ఎప్పటినుంచో ఉంది. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందే చూసుకో. లేకపోతే కేంద్రం దగ్గర నువ్వు జనరల్ కిందకి వస్తావు, అప్పుడు ఆదాయం, ఆస్తి లెక్క సరిపోతే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కి ప్రయత్నించొచ్చు.

పీజీలో చేరాక అందరూ మర్చిపోయే డబ్బు ఒకటుంది. యూజీసీ ఇచ్చే నేషనల్ స్కాలర్‌షిప్ ఫర్ పోస్ట్ గ్రాడ్యుయేట్ స్టడీస్. నెలకి 15 వేలు, ఏడాదికి పది నెలలు, రెండేళ్లు. దేశం మొత్తం మీద 10 వేల మందికి ఇస్తారు, ఆర్ట్స్ వాళ్లకి వేరే వాటా ఉంది, 30 శాతం ఆడపిల్లలకి. చూసేది డిగ్రీ మార్కులు. పీజీ మొదటి ఏడాదిలోనే అప్లై చేయాలి, రెండో ఏడాదిలో గుర్తొస్తే లాభం లేదు. డిగ్రీ మార్కులు ఎందుకులే, టీవీలో మొహం, గొంతు బాగుంటే చాలు అనుకునేవాళ్లకి ఏడాదికి లక్షా యాభై వేలు చేజారిపోతాయి. ఆ తర్వాత పరిశోధన వైపు వెళ్తే నెట్ పరీక్షలో మాస్ కమ్యూనికేషన్ ఒక సబ్జెక్టు, పరిశోధన చేసేవాళ్లకి ఇచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకి 37 వేలు. అది ఇప్పటి మాట కాదులే, గుర్తుంచుకో చాలు.

పేరులోనే జర్నలిజం ఉన్న డబ్బు కూడా కొద్దిగా ఉంది. చెన్నైలో ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం దళిత, ఆదివాసీ విద్యార్థులకి స్కాలర్‌షిప్ ఇస్తుంది. అక్కడ ఫీజు భారీ, అందుకే ఆ స్కాలర్‌షిప్ విలువ కూడా భారీ. నీకు వర్తించదు, కానీ సీతంపేట, పార్వతీపురం వైపు నీ స్నేహితులెవరైనా ఉంటే చెప్పు. ఇంగ్లిష్ బాగా రాయగలగాలి. ఇంకోటి పత్రికల సొంత జర్నలిజం స్కూళ్లు. ఈనాడు జర్నలిజం స్కూల్ లాంటివి రాతపరీక్ష పెట్టి తీసుకుంటాయి, నువ్వు ఫీజు కట్టడం కాదు, నెలనెలా వాళ్లే స్టయిపెండ్ ఇచ్చి నేర్పుతారు. తెలుగు రాయడం అక్కడ వచ్చినట్టు ఏ యూనివర్సిటీలోనూ రాదని నా అభిప్రాయం. అయితే ఇలాంటి చోట చేరేటప్పుడు ఇన్నేళ్లు పనిచేయాలనే ఒప్పందం ఏదైనా ఉందేమో చదివి సంతకం పెట్టు.

తమ్ముడికి నీకంటే దారులు ఎక్కువ, ఎందుకంటే వాడు మొదటి ఏడాదిలో ఉన్నాడు. డిగ్రీ మొదటి ఏడాదిలో అప్లై చేయాల్సినవి తర్వాత చేయడానికి ఉండదు. ఇంటర్‌లో పై 20 శాతంలో ఉన్నవాళ్లకి కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. ఏడాదికి 82 వేల మందికి కొత్తగా ఇస్తారు, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండాలి, డిగ్రీలో ఏడాదికి 12 వేలు, పీజీకి వెళ్తే 20 వేలు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో జూన్, జూలైల్లో మొదలవుతుంది. కానీ ఇది తీసుకునేవాళ్లు రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకోకూడదు. ఏదో ఒకటే. ప్రభుత్వ కాలేజీలో ఫీజు కొద్దిగానే ఉంటే కేంద్రం 12 వేలు మేలు కావచ్చు, హాస్టల్‌లో ఉంటూ రాష్ట్రం ఇచ్చే రెండూ వస్తుంటే అవే మేలు. కాగితం మీద లెక్కేసుకోమను. రెండింటికీ పెట్టేస్తే ఏదో ఒకటి తగులుతుందిలే అనుకుంటే ఆధార్ దగ్గర దొరికిపోతాడు. రిలయన్స్ ఫౌండేషన్ కూడా మొదటి ఏడాది డిగ్రీ పిల్లలకి, ఏ కోర్సు అయినా సరే, చిన్న పరీక్ష పెట్టి డిగ్రీ మొత్తానికి రెండు లక్షల దాకా ఇస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. నా అనుభవంలో స్కాలర్‌షిప్ రానివాళ్లలో మార్కులు చాలక రానివాళ్లు తక్కువ. కాగితాల దగ్గర పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ.

రెండేళ్ల కిందట ఆమదాలవలస నుంచి ఒకమ్మాయి వచ్చింది. పోర్టల్‌లో డబ్బు పడినట్టు చూపిస్తోంది, పాస్‌బుక్‌లో పడలేదు. "ఏటి సార్, నా డబ్బులు ఎవులు తినీసినారు?" అంటోంది. కాలేజీ క్లర్కు మీద అనుమానం, వాళ్ల నాన్న అప్పటికే ఆయనతో గొడవ పడి వచ్చాడు. బ్యాంకుకి తీసుకెళ్లాను. అక్కడ కౌంటర్లో అమ్మాయి ఆధార్ నంబరు కొట్టి చూసి, "ఇది మా బ్యాంకుకి లింకు లేదండీ" అంది. విషయం ఏంటంటే, అంతకుముందెప్పుడో ఊళ్లో క్యాంపు పెట్టినప్పుడు ఇంకో బ్యాంకులో జీరో అకౌంటు తెరిచింది. వేలిముద్ర వేసింది, మర్చిపోయింది. ప్రభుత్వ డబ్బు నువ్వు ఫారంలో రాసిన అకౌంటుకి కాదు, ఆధార్‌కి ఆఖరున ఏ బ్యాంకు లింకైతే దానికి వెళ్తుంది. మొత్తం డబ్బు ఆ పాత అకౌంటులో భద్రంగా ఉంది. ఆ క్లర్కుకి వాళ్ల నాన్న క్షమాపణ చెప్పాడా లేదా అన్నది నేను అడగలేదు. నువ్వు ఈ రోజే ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, చూసుకో. రెండు నిమిషాల పని.

పేర్లు ఇంకో తద్దినం. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొట్టిగా, ఆధార్‌లో పూర్తిగా, బ్యాంకులో వెనకా ముందూ. మిషన్‌కి అవి ముగ్గురు మనుషులు. టెన్త్ మెమోలో ఎలా ఉందో అలాగే ఆధార్ మార్పించుకో. మెమో మార్పించుకోవడం కంటే అదే తేలిక. తర్వాత జిల్లాలు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి, రాజాం విజయనగరంలోకి వచ్చింది. పాత సర్టిఫికెట్‌లో శ్రీకాకుళం జిల్లా, ఆధార్‌లో మన్యం జిల్లా ఉన్న పిల్లలు వెరిఫికేషన్‌లో ఇరుక్కుంటున్నారు. టెక్కలి, పలాస వాళ్లకి ఆ బాధ లేదు. ఆదాయం సర్టిఫికెట్ మాత్రం రైస్ కార్డు ఉంది కదా అని ఊరుకోకు. రాష్ట్ర పథకాలకి కార్డు చాలిన చోట కూడా కేంద్రం పోర్టల్ తహసీల్దారు ఇచ్చిన కాగితం అడుగుతుంది. ఆఖరి వారంలో సచివాలయానికి వెళ్తే సర్వర్ డౌన్ అంటారు, టెన్షన్ తప్ప ఏమీ రాదు. మే నెలలోనే తీసి పెట్టుకో.

మార్కులు, కాగితాలు కాకుండా నీ పని చూసి ఇచ్చే చోట్లు కొన్ని ఉంటాయి. ఇంటర్వ్యూలు, జర్నలిజం స్కూళ్లు, ఇంటర్న్‌షిప్పులు, ఇవన్నీ ఏదో ఒకటి చూపించమంటాయి. అప్పుడు మన పిల్లలు చూపించేది ఏంటంటే, సూర్యుడు ఉదయించే షాటు, వెనక సినిమా సంగీతం, ఆ తర్వాత వాళ్లే కెమెరా ముందుకొచ్చి అరిచే పీటూసీ, అంటే పీస్ టు కెమెరా. చానల్ యాంకర్‌ని అనుకరిస్తారు. విజయనగరం సిరిమానోత్సవం రోజు ఒకేసారి ముప్పై మంది పిల్లలు ఒకే మేడ ఎక్కి ఒకే షాటు తీస్తారు. ఒకసారి ఒక్క పిల్లాడు మాత్రం పండగకి ముందే వెళ్లి, సిరిమానుకి చింతచెట్టు నరికి తెచ్చి చెక్కుతున్న చోట రోజంతా కూర్చుని, ఉలి చప్పుడు, వడ్రంగుల మాటలు రికార్డు చేసుకొచ్చాడు. మూడు నిమిషాలు. మ్యూజిక్ లేదు. వాడికి ఇంటర్న్‌షిప్ వచ్చింది అదే చూసి.

నీకైతే ఎక్కడికో వెళ్లక్కర్లేదు. జీడి ఫ్యాక్టరీ మీ ఇంట్లోనే ఉంది. పిక్కని కట్టర్ కింద పెట్టి తొక్కినప్పుడు వచ్చే చప్పుడు నీకు చిన్నప్పటినుంచీ తెలుసు. జీడిసొన అంటి నల్లబడిన వేళ్లు రోజూ అన్నం తినేటప్పుడు చూస్తూనే ఉన్నావు. బయటినుంచి వచ్చిన రిపోర్టర్‌కి జీడిపప్పులో గుండు, బద్ద, ముక్క తేడా తెలియదు, దేనికి కూలి ఎలా కడతారో తెలియదు, నీకు తెలుసు. సెల్లు చాలు. నాన్నగారి చేతులు దగ్గరగా ఒక షాటు, అమ్మని మాట్లాడించు. అడిగి, ఒప్పుకున్నాకే తీయి. ఫ్యాక్టరీ లోపల తీయాలంటే యజమాని అనుమతి తీసుకో, లేకపోతే నాన్నగారి పనికి ఇబ్బంది. అప్లికేషన్‌లో "సమాజసేవ చేయాలని చిన్ననాటి కల" అని రాయకు. పదింట తొమ్మిది అప్లికేషన్లలో అదే ఉంటుంది, చదివేవాళ్లు ఆ లైను దగ్గరే పేజీ తిప్పేస్తారు. జీడిసొన గురించి రాయి.

ఇక మీ మేడమ్ అడిగిన క్లాసు గ్రాంటు. ఇక్కడ నా కడుపుమంట ఒకటి చెప్పాలి. నేను పాఠం చెప్పిన ఒక కాలేజీలో కొన్నేళ్ల కిందట డబ్బు వచ్చింది. స్టూడియో కడతామన్నారు. ఏసీ పెట్టారు, గోడలకి నీలం రంగు వేశారు, పెద్ద క్యాసెట్ కెమెరా కొన్నారు. రిబ్బన్ కత్తిరించి ఫోటో దిగి, కెమెరా బీరువాలో పెట్టి తాళం ప్రిన్సిపాల్ గారి టేబుల్లో వేశారు. పిల్లలు పాడుచేస్తారని భయం. రెండేళ్ల తర్వాత ఒక వర్క్‌షాప్ కోసం అడిగి తీయించాను. కవర్ విప్పితే కెమెరా పెళ్లికూతురిలా ఉంది. బ్యాటరీ ఛార్జ్ ఎక్కలేదు. ఆ క్యాసెట్లు బజార్లో దొరకడం అప్పటికే మానేశాయి. ఒక్క పిల్లాడు కూడా ఒక్క షాటు తీయకుండానే ఆ కెమెరా పాతదైపోయింది.

అందుకే స్టూడియో అడగొద్దని చెప్పు. చేతి సంచిలో పట్టే సామాను అడగమను. సెల్లుకి పెట్టుకునే కాలర్ మైకులు ఆరు, ఒక్కోటి వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. చేత్తో పట్టుకునే మైకు ఒకటి, హెడ్‌ఫోన్లు నాలుగు, ట్రైపాడ్లు రెండు, ఒక రికార్డర్, ఒక మోస్తరు కంప్యూటర్. ఎడిటింగ్‌కి ఆడాసిటీ, షాట్‌కట్ ఉచితం, దొంగ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. గొంతు రికార్డింగ్‌కి గది కావాలంటే పాత బొంతలు మూడు వైపులా వేలాడదీయండి. కోడిగుడ్ల అట్టలు అంటించడం అందరూ చేస్తారు గానీ వాటివల్ల పెద్ద ప్రయోజనం లేదు, బొంతే మేలు. హెడ్‌ఫోన్లు మాత్రం మర్చిపోవద్దు. టీవీలో బొమ్మ వణికినా చూస్తారు, మాట వినపడకపోతే చానల్ మార్చేస్తారు.

ఎవరిని అడగాలి? ఉన్నత విద్యకి కేంద్రం పీఎం ఉష కింద పెద్ద మొత్తాలు ఇస్తుంది. అందులో కాలేజీలకి ఐదు కోట్ల దాకా ఇచ్చే భాగం కూడా ఉంది. కానీ అది కాలేజీ మొత్తానికి, కాలేజీలకి గ్రేడ్లు ఇచ్చే న్యాక్ లెక్కలతో వచ్చే వ్యవహారం. ఒక డిపార్ట్‌మెంట్ మైకుల కోసం దాని వెంట పడితే మీ బ్యాచ్ పాసైపోతుంది. దగ్గర దారి సీఎస్ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బు. కంపెనీల చట్టం 2013లో 135వ సెక్షన్ ప్రకారం ఏడాదికి ఐదు కోట్ల లాభం దాటిన కంపెనీ, గడిచిన మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం ఇలాంటి పనులకి ఖర్చుపెట్టాలి. చదువు ఆ జాబితాలో ఉంది. పైడిభీమవరంలో మందుల కంపెనీలు, గరివిడి, బొబ్బిలి వైపు ఫెర్రో ఫ్యాక్టరీలు ఉన్నాయి. వాళ్ల హెచ్ఆర్ దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, అప్పుడే వెళ్లాలి. మార్చిలో వెళ్తే బడ్జెట్ అయిపోయిందంటారు. ప్రభుత్వ కాలేజీ అయితే ఎంపీ నిధులు కూడా ఉన్నాయి, ఏడాదికి ఐదు కోట్లు, కంప్యూటర్ల లాంటి వాటికి కలెక్టర్ ఆఫీసు ద్వారా వెళ్లాలి. పూర్వ విద్యార్థుల సంఘాన్ని తక్కువ అంచనా వేయొద్దు. మా దగ్గర ట్రైపాడ్లు వచ్చింది విశాఖలో పెళ్లి వీడియోలు తీసుకునే మా పాత విద్యార్థి నుంచే.

ఒక జర్నలిజం అధ్యాపకుడిగా చెబుతున్నాను, కంపెనీ డబ్బు తీసుకున్నాక ఆ కంపెనీ మీద పిల్లలు వార్త చేయొచ్చా లేదా అన్నది ముందే తేల్చుకోవాలి. పైడిభీమవరం చుట్టుపక్కల నీళ్ల గురించి ఎవరైనా పిల్లాడు రేపు ప్రాజెక్టు చేస్తానంటే మేడమ్ వద్దనే పరిస్థితి రాకూడదు. మేం లెటర్‌లోనే ఒక లైను రాశాం, "విద్యార్థుల పనిలో దాత జోక్యం ఉండదు" అని. ఒక కంపెనీ ఆ లైను చూసి వెనక్కి తగ్గింది. ఇంకో కంపెనీ అసలు చదవకుండానే సంతకం పెట్టింది.

కమ్యూనిటీ రేడియో పెడదామని కొందరు లెక్చరర్లు ఉత్సాహపడతారు. విద్యాసంస్థలకి 2002 నుంచే అనుమతి ఉంది, 2006లో స్వచ్ఛంద సంస్థలకీ ఇచ్చారు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు సంఘం రేడియో నడుపుతున్నారు, 2008 నుంచి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం మీద పడ్డప్పుడు కరెంటు పోయి, టవర్లు పడిపోయి, పక్క ఊళ్లో ఏమైందో తెలియక జనం అల్లాడుతుంటే, ఇక్కడ అలాంటి రేడియో ఒకటి ఉంటే అని నేనూ అనుకున్నాను. కానీ తెలుసుకోవాల్సింది ఏంటంటే, 100 వాట్లే అనుమతి, పది పదిహేను కిలోమీటర్లే వినపడుతుంది, పైగా సొంత వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి వార్తలు తిరిగి వినిపించొచ్చు, వాతావరణం, ట్రాఫిక్, స్థానిక సమాచారం చెప్పొచ్చు. జర్నలిజం క్లాసుకి వార్త లేని రేడియో ఎంతవరకు ఉపయోగమో మీరే ఆలోచించుకోండి. గొంతు, స్క్రిప్టు, టైమింగ్ నేర్పడానికి మాత్రం దానికి మించింది లేదు.

అప్పు గురించి రెండు ముక్కలు. పీఎం విద్యాలక్ష్మి అని 2024 నవంబరులో ఆమోదించారు. జాబితాలో ఉన్న మంచి సంస్థల్లో సీటొస్తే పూచీకత్తు లేకుండా లోను ఇస్తారు, ఇంటి ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉంటే పది లక్షల దాకా తీసుకున్న అప్పు మీద చదువుకునే కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. అయినా జిల్లా రిపోర్టర్ జీతం ఎంతో నాకు తెలుసు కాబట్టి, పెద్ద ఫీజు కోసం పెద్ద అప్పు చేయొద్దనే చెబుతాను.

"ప్రాసెసింగ్ ఫీజు కడితే స్కాలర్‌షిప్ ఖాయం" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టెయ్. "ఇన్ని వేలు కట్టు, లోగో, ఐడీ కార్డు ఇస్తాం, మా చానల్‌కి నువ్వే మండల రిపోర్టర్" అన్నా అంతే.

నీ డిగ్రీ మార్కులు, మీ కులం కేంద్ర జాబితాలో ఉందా లేదా అన్నది కింద రాస్తే నీకు ఏది సరిపోతుందో ఇంకా వివరంగా చెబుతాను. మీ మేడమ్‌ని సామాను లిస్టు రాసి ఇక్కడే పెట్టమను. రేట్లు వేయొద్దు, కొటేషన్లు ఎక్కడ తక్కువకి వస్తాయో మేం చూసి వేస్తాం. ప్రతి వస్తువు ఎదురుగా వారంలో ఎంతమంది పిల్లలు దాన్ని పట్టుకుంటారో మాత్రం తప్పకుండా రాయమను.